మొదటి అతుకు

ధర్మవరం చీరను మొదలుపెట్టేది ఎవరని అడిగితే, నేసేవాడని చెబుతారు. అబద్ధం. నేసేవాడు మగ్గం గుంతలో కాళ్లు దించుకుని కూర్చునేసరికే ఆ చీర మొదలైపోయి ఉంటుంది.

మగ్గం మీద వార్పు, అంటే నిలువు పోగుల పడుగు, అయిపోవచ్చినప్పుడు దువ్వెనలాంటి అచ్చు పళ్లలో జానెడు పోగులు మిగిల్చి కోస్తారు. కొత్త వార్పు తెచ్చాక దాని పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు అతకాలి. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, వేలికి బూడిద అద్దుకుని పురి తిప్పితే కలిసిపోతాయి. వేల పోగులు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు పాత కొస వెతికి అందిస్తే, ఇంకొకరు కొత్త పోగుతో కలిపి తిప్పుతారు. జత లేకపోతే పని లేదు. మొదట్లో ఒక్క పోగు తన చోటు తప్పి పక్కదానికి అతుక్కుంటే, ఆ తప్పు ఒక చీరతో పోదు. ఆ వార్పులో నేసిన చీరలన్నింటి మీదా ఆ గీత నడుస్తూనే ఉంటుంది.

ఈ సంగతి నాకు బడి చెప్పలేదు. ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది. మా అమ్మ శ్యామలమ్మ చెప్పింది. మా వీధిలో ఏ ఇంట కొత్త వార్పు దిగినా మొదటి అతుకు అమ్మ చేత్తోనే వేయించేవారు. శ్యామలమ్మ చెయ్యి మంచిది, పోగు తెగదు అనేవారు. చేతిని పొగిడారు. ఆ చేయి ఉన్న మనిషిని మాత్రం ఎవరూ ఏ లెక్కలోకీ తీసుకోలేదు. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగింది అదే.

ఉగాది వెళ్లిన కొత్తల్లో సమ్మె మాట లేచింది. హిందూపురం దారిలో వెలిసిన మరమగ్గాల షెడ్లలో మా అంచులు, మా కొంగులు అచ్చు గుద్దినట్టు దించి, చేనేత అని చీటీ అంటించి అమ్ముతున్నారు. మా చీర ఎవరికీ అక్కరలేకుండా పోయింది. కల్యాణ మండపంలో మీటింగు పెట్టారు. మా అన్న రాఘవేంద్ర కమిటీ కార్యదర్శి. మైకు పట్టుకుని బాగా మాట్లాడాడు. మగ్గం మీద ఉన్న వార్పు నేసేయండి, కొత్త వార్పు అతికించొద్దు, షెడ్లు మూసేదాకా ధర్మవరంలో కొత్త చీర మొదలు కాకూడదు అన్నాడు. చప్పట్లకు రేకులు అదిరాయి.

నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ మండపంలో ఆడది నేనొక్కదాన్నే. చేయెత్తాను.

"అతుకు ఆపాల్సింది మేము. మమ్మల్ని అడక్కుండానే మా చేతులు ఆపుతాండారే?"

అధ్యక్షుడు రామచంద్ర మర్యాదగానే మాట్లాడాడు. "మీ అన్న ఉండాడు కదమ్మా కమిటీలో. మీ ఇంటి తరఫున ఆయప్ప చాలు."

"మాయమ్మతో జతగా అతికే మారక్క ఇంటి తరఫున ఎవురుండారు?"

"మారక్కకు మగ్గమే లేదు కదా. మగ్గం లేనోళ్లకు సమ్మె ఏందమ్మా, పెండ్లికొడుకు లేని పెండ్లి మాదిరి."

అందరూ నవ్వారు. నేను ఊరుకునే రకం కాదు.

"పెండ్లికూతుర్ని పిలవకుండా మీరు చేస్తాండేది ఏం పెండ్లి మల్లా?"

ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. అన్న మైకు పక్కకు పెట్టి నా వైపు చూశాడు. "ఇంటికి పోయి మాట్లాడుకుందాం పాపా" అన్నాడు.

ఇంటికి వచ్చాక సంగటి ముందు కూర్చుని ఒకే మాట చెప్పాడు. "మొదలు కానీ. మీ సంగతి తర్వాత చూస్తాం."

అమ్మ గిన్నెలో పప్పు వడ్డిస్తూ ఉంది. "మొదట్లో తప్పిన పోగును తర్వాత యాడ చూస్తావప్పా?" అంది.

అన్న నవ్వాడు. అమ్మ ప్రతిదానికీ మగ్గం మాటే చెబుతుందని ఆయనకు ముద్దు. ముద్దే గానీ, విన్నాడా అంటే వినలేదు.

ఒక్కొక్క ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతూ వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినవాళ్లం. వీధి మూగబోతే కుక్కలు కూడా బిత్తరపోయాయి. కమిటీ వాళ్లు ఊళ్లు తిరిగి బియ్యం పోగుచేసి సమ్మె ఇళ్లకు పంచారు. నేత కార్డు చూపిస్తే బియ్యం. కార్డు మగ్గానికి ఇస్తారు. అతికే చేతులకు ఇవ్వరు.

మారక్క సంచి పట్టుకుని పోయి సంచి పట్టుకునే వచ్చింది. ఆమెకు మొగుడు లేడు, మగ్గం లేదు. మా అమ్మకు జత ఆమే. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే పోగులు మాటల్లా కలిసిపోయేవి.

"ఏమాయె మారక్కా?" అంది అమ్మ.

"సంచికి గాలి తగిలిచ్చుకోని వస్తి. మాసిన వాసన పోయింది."

అమ్మ లోపలికి పోయి మా బియ్యంలో సగం చేటలో తెచ్చింది. మారక్క ముట్టుకోలేదు. "నీ కొడుకు సమ్మె బియ్యం నాకొద్దులే శ్యామలక్కా. అరగవు."

అమ్మ చేట అరుగు మీద పెట్టి వదిలేసింది. ఇద్దరూ దానికి అటూ ఇటూ కూర్చుని పొద్దు వాలేదాకా ఊరి కబుర్లు చెప్పుకున్నారు. పోయేటప్పుడు మారక్క చేట వైపు చూడనే లేదు.

మరమగ్గం నేస్తుంది గానీ, ఆ చిన్న షెడ్లలో అతికేది మళ్లీ మనిషి వేలే. ఈ సంగతి కమిటీలో ఒక్కడికీ తట్టలేదు. తట్టి ఉంటే మమ్మల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు. షెడ్ల వాళ్లకు మాత్రం తట్టింది. సోమందేపల్లి అవతల నుంచి పరదా కట్టిన వ్యాను రావడం మొదలైంది. డ్రైవరు గణేష్ వీధి చివర నిలబడి, పని ఉండాది, జతగా రండి అని చెప్పి పోయేవాడు.

మారక్క నాతో దాచలేదు. "నేను పోతాండా మంజూ."

"నువ్వు పోతే సమ్మె చస్తుంది మారక్కా."

"పోకుంటే నేను చస్తా. రెండిట్లో యాది మొదట చావల్లో నువ్వే చెప్పు, పేపర్లు చదువుతావు కదా."

నాకు షెడ్లు మూతపడాలి. మారక్క పొయ్యి మీద ఎసరు కూడా పెట్టాలి. ఈ రెంటినీ ఒకే మీటింగులో తేల్చి ఉండాల్సింది. తేల్చలేదు గనక ఇప్పుడు ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి.

వ్యాన్లను ఆపాలని కమిటీ తీర్మానించింది. మోటారు సైకిళ్ల మీద మగవాళ్లు, వెనక ఆటోలో నేను. పెద్దరోడ్డు మీద సోమందేపల్లి దగ్గర కాపు కాశాం. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. వ్యాను వచ్చింది. అడ్డం నిలబడి ఆపాం. గణేష్ చేతులు రెండూ స్టీరింగు మీద నుంచి తీసి పైకెత్తాడు, పోలీసుల ముందు ఎత్తినట్టు.

అన్న పోయి పరదా లాగాడు.

మొదట మారక్క కనిపించింది. ఆమె ఎదురుగా, మోకాళ్ల మీద పాత పౌడరు డబ్బా పెట్టుకుని మా అమ్మ కూర్చుని ఉంది. ఆ డబ్బాలో బూడిద ఉంటుంది. అది లేకుండా అమ్మ ఏ పనికీ పోదు.

అన్న చేయి పరదా మీదే ఉండిపోయింది. వెనక మనుషులు మూగారు.

"దిగమ్మా" అన్నాడు.

"దిగుతాలే. మారక్కకు బియ్యం ఎవురిస్తారో చెప్పు, దిగుతా."

"అది ఇప్పుడు మాట్లాడేదామ్మా?"

"మొదట అడిగితే తర్వాత అంటివి. ఇప్పుడు తర్వాతే కదప్పా."

గుంపులోంచి ఎవరో గట్టిగా అన్నారు. "ఊరందరికీ చెప్పేటోళ్ల ఇంట్లోనే అమ్ముడుపోయినారు. ఆ చేతికి షెడ్డు బూడిద అంటినాది. ఇంగ అది మన మగ్గాల మీద పడకూడదప్పా."

కొందరు అవునన్నారు. ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని తీస్తున్నాడు. అందరూ మా అన్న వైపు చూశారు. అమ్మ కూడా చూసింది.

అన్న మెడలో కండువా సర్దుకున్నాడు.

అంతే. ఇంకేమీ జరగలేదు. అమ్మ డబ్బా కొంగులో చుట్టుకుని, వ్యాను అంచు పట్టుకుని మెల్లగా దిగింది. "పా మారక్కా" అంది. ఇద్దరూ రోడ్డు పక్కన నడక సాగించారు. నేను చేతిలో ఉన్న జెండా ఆటోలో పడేసి వాళ్ల వెనక పోయాను.

పెనుకొండలో బస్సు మారాలి. బస్టాండులో సిమెంటు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నేను టీ తెచ్చాను. నాకు ఒళ్లంతా మంటగా ఉంది. అన్నను, రామచంద్రను, ఆ ఫోను పట్టుకున్నవాణ్ని, ఒక్కొక్కరినీ తిట్టాను. అమ్మ టీ ఊదుకుంటూ వింది.

"పోతాండానని నాకు చెప్పలేదే నువ్వు" అన్నాను.

"చెప్తే పోనిస్తావా? ఒక్కతే వస్తే పని లేదన్యారంట. జత నేనే కదా దానికి."

మారక్క మాట మార్చాలని గుట్ట మీది కోట వైపు చూపించింది. "అన్ని రాళ్లు పైకి మోసినోళ్లకు బియ్యం కార్డు ఉన్యాదో లేదో, శ్యామలక్కా."

అమ్మ నవ్వింది. ఆ నవ్వు టీ గ్లాసులోనే అయిపోయింది. గ్లాసు కింద పెట్టి నన్ను అడిగింది.

"మండపంలో నువ్వు లేసి అడిగినప్పుడు వాడు ఏమనె?"

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం పాపా అనె."

"ఆ మాటన్నా ఈ పొద్దు అనుంటే సాలు కదా" అంది. "ఇంటికి పోదాం పామ్మా అని."

ధర్మవరం బస్సు వచ్చింది. దారి పొడుగునా అమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. కొంగు కొస ఆమె చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పురి తిరుగుతూనే ఉంది.

వానలు మొదలయ్యే ముందు సమ్మె ముగిసింది. అధికారులు వచ్చి రెండు షెడ్లకు సీలు వేశారు. కమిటీ వాళ్లు సీలు పక్కన నిలబడి ఫోటో దిగి విజయం అన్నారు. ఆ సీళ్లు ఎన్నాళ్లు ఉన్నాయో అడక్కండి. వీధిలో మళ్లీ వార్పులు దిగాయి. మా ఇంటికి కూడా దిగింది. మామిడిపిందె రంగు. అన్న దాన్ని మగ్గం మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మను పిలిచాడు. సోమందేపల్లి తర్వాత వాళ్లిద్దరి మధ్యా బువ్వ తిన్నావా, తింటి అనే మాటలే నడుస్తున్నాయి. నేనైతే అన్నతో ఆ మాటలు కూడా మానేశాను.

అమ్మ గడప మీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది.

"రామ్మా. మొదటి అతుకు నువ్వు వేస్తే మిగిలింది పాప, పక్క వీధి వెంకటక్క చూసుకుంటారు."

"నేను సమ్మెలో ఉండానప్పా."

"సమ్మె అయిపోయింది కదమ్మా."

"మీది అయిపోయింది. మాది ఈ పొద్దు మొదలు."

అన్నకు అర్థం కాలేదు. నాకు కూడా ఒక నిమిషం పట్టింది. అమ్మ కాయ తర్వాత కాయ ఒలుస్తూనే ఉంది. నేను చదువుతున్న పేపరు మడిచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి మారక్క వచ్చింది. మర్నాడు వెంకటక్క వచ్చింది. మా వీధిలోనూ పక్క వీధిలోనూ అతికే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలిచారు. బ్యానరు లేదు, మైకు లేదు. మేం కోరింది పెద్దదేమీ కాదు. నలుగురు మగవాళ్ల ముందు మమ్మల్ని కూడా పనివాళ్లని అనాలి. కార్డులో మా పేరుండాలి. ఈసారి ఏది మొదలుపెట్టినా ముందు మమ్మల్ని పిలవాలి.

గెలిచామని చెప్పను. కొన్ని ఇళ్లవాళ్లు వేరే ఊళ్ల నుంచి అతికేవాళ్లను పిలిపించుకున్నారు. కొందరు మొగుళ్లు పెళ్లాలను లాక్కుపోయి మగ్గం ముందు కూర్చోబెట్టారు. మేం మిగిలినవాళ్లం కందిచేలల్లో కలుపుకు పోయి బతికాం. కొన్ని మగ్గాల మీద మాత్రం వార్పు అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయింది. వాటిలో మా అన్నది ఒకటి. వేరేవాళ్ల చేత అతికించుకోవచ్చు. ఆయన అతికించుకోలేదు. మొండితనమో, మర్యాదో నాకు తెలియదు. వార్పు తిరిగి పంపించేసి, పెనుకొండ వైపు ఒక ఫ్యాక్టరీలో పనికి చేరాడు. తెల్లారి కంపెనీ బస్సు వీధి మలుపులో హారను కొట్టేది. గుంతలో కాళ్లు దించి కూర్చున్న మనిషి ఇప్పుడు టిఫిను డబ్బా పట్టుకుని బస్సు కోసం పరుగెత్తడం గడపలోంచి చూసేదాన్ని. అయినా మాట్లాడలేదు.

ఒక ఆదివారం పొద్దున అన్న అమ్మ పక్కన కూర్చున్నాడు. నేను లోపల రాగిపిండి జల్లిస్తున్నాను.

"అమ్మా, ఆ పొద్దు నేను మాట్లాడాల్సింది."

"ఊ."

"నీది కూడా నేత పనే. అందరికంటే ముందు పని నీదే. నీకు తర్వాతే మేము."

అమ్మ ఆయన తల నిమిరింది. అది నేను చూశాను. "మంచి మాట అంటివి నాయనా. కానీ ఆ మాట నాకు తెలుసు కదా. తెలవనోళ్లకు చెప్పు."

"చెప్తామ్మా. దసరా మీటింగులో చెప్తా."

"చెప్పు. నువ్వు చెప్పొచ్చిన పొద్దు నీ మగ్గం మీద కూసుంటా."

అమ్మ ఆ మాట ఊరికే అనలేదు. పౌడరు డబ్బా దించి, తుడిచి, కొత్త బూడిద జల్లించి నింపుకుంది. దసరా మీటింగుకు అన్న పోయాడు. వెనక వరసలో కూర్చుని, తిరిగి వచ్చాడు. అమ్మ డబ్బా మళ్లీ గూట్లో పెట్టేసింది.

కార్తీకంలో అమ్మకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నాం. అనంతపురం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. తిరిగి వచ్చింది మనిషి కాదు.

కమిటీ వాళ్లు వచ్చారు. పూలదండతో పాటు సంఘం జెండా తెచ్చి అమ్మ మీద కప్పబోయారు. నేను అడ్డం పోయాను.

"బతికుండంగా ఈమె మీ సంఘంలో లేదు. సచ్చినాక చేర్చుకుంటాండారా? తీయండి."

రామచంద్ర ఏదో అనబోయాడు. అన్న లేచి వచ్చి ఆ జెండా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆయన చేతిలో పెట్టాడు. మారక్క అమ్మ కుడిచేతి వేళ్లకు చిటికెడు బూడిద అద్దింది. అది మా ఆచారం కాదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున మారక్క మా అరుగు మీదికి వచ్చింది. "మీయన్న నిన్న మండపంలో లేసి చెప్పినాడంట" అంది.

"ఏం చెప్పినాడంట?"

"సోమందేపల్లి కాడ మాయమ్మ మారక్కకు బియ్యం ఎవురిస్తారని అడిగింది, దానికి జవాబు ఇంగా నా దగ్గర లేదు, మొదట దానికి జవాబు చెప్పి తర్వాత వేరే తీర్మానాలు రాసుకోండి అన్యాడంట. రామచంద్రన్న తర్వాత చూద్దాంలే అన్యాడంట. మీయన్న కండువా బల్ల మీద పెట్టి వచ్చినాడంట." మారక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ నాలుగు మాటలకు ఇన్ని నెలలా? మా శ్యామలక్క అయితే ఈ పాటికి ఎన్ని వార్పులు అతికుండు."

ఆ మర్నాడు అన్న ఫ్యాక్టరీకి పోలేదు. అదే మామిడిపిందె రంగు వార్పు ఎక్కడినుంచో మళ్లీ తెచ్చాడు. మగ్గం మీద దుమ్ము తుడిచాడు. అచ్చులో పాత కొసలు జానెడు పొడవు వేలాడుతున్నాయి. అవి అమ్మ చివరిసారి అతికిన వార్పు కొసలు. గూట్లోంచి పౌడరు డబ్బా దించి, అమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. మా దగ్గర మగవాడు ఆ చోట కూర్చోడు. కిటికీలోంచి చూసిన పక్కింటివాళ్లు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. ఆయన తల తిప్పలేదు.

వేలికి బూడిద అద్దుకున్నాడు. ఎక్కువ అద్దుకున్నాడు. పాత కొస ఒకటి పట్టుకుని, కొత్త పోగు కలిపి తిప్పాడు. జారిపోయింది. మళ్లీ తిప్పాడు. జారిపోయింది. ఎన్నో చీరలు నేసిన వేళ్లు అవి. ఒక్క చీరనూ మొదలుపెట్టి ఎరగవు. ఆయన ఎదురుగా, జత కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉంది.

నేను వంటింటి గడపలో చాలాసేపు నిలబడ్డాను. తర్వాత పోయి ఆ చోట కూర్చున్నాను. పోగు ముట్టుకోలేదు. మా సమ్మె ఇంకా నడుస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

అన్న నా వైపు చూడలేదు. చూస్తే లేచిపోతానని భయమేమో. కళ్లు తుడుచుకున్నాడు, బూడిద చెంపకు అంటింది. మళ్లీ వంగి, ఇంకో పాత కొస పట్టుకుని పోగు కలపబోయాడు.

సోమందేపల్లి రోజు నుంచి ఆయనతో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"అది కాదు" అన్నాను. "దాని పక్కది."